నాలుగో మూల

మూడో తేదీ, సోమవారం

ముందుగా నా కోడిగీతలకి, అక్షరాల తప్పులకి మన్నించాలి. ఎవరు మన్నించాలో మాత్రం తెలియదు. ఈ పుస్తకం చదివేది నేనొక్కదాన్నే, నాకు నా రాత ఎలాగూ అలవాటే. ఐదో తరగతి మధ్యలో బడి మానేశాను. ఒత్తులు ఆ తర్వాత చెప్పారేమో, నాకైతే అందలేదు.

పెళ్ళైన కొత్తలో అందరూ నన్ను నోట్లో నాలుక లేని పిల్ల అని మెచ్చుకున్నారు. నాలుక ఉంది. లోపల్లోపల బాగానే ఆడుతుంది, బయటికి రమ్మంటేనే బద్ధకం. ఈ రెండేళ్ళలో మామయ్యతో నేను మాట్లాడినవి మూడు మాటలు: ‘ఊఁ’, ‘తెస్తాను’, ‘లేదండీ’. అంతకు మించి ఏదైనా ఉంటే మా ఆయన చేత చెప్పిస్తాను.

ఈ రోజుతో పాత ఇల్లు పడగొట్టడం అయిపోయింది. నేలమట్టానికి పునాది ఒక్కటే మిగిలింది. అందరం పక్కవీధిలో బావగారింట్లో ఉంటున్నాం. అత్తయ్యకీ మామయ్యకీ లోపలి గది. మాకు హాలు. ఒక పక్క కుట్టుమిషను, ఇంకో పక్క చెప్పుల స్టాండు, మధ్యలో మా కాపురం. తోడికోడల్ని అక్కా అని పిలుస్తాను. చాలా మంచిది. మంచిదన్న సంగతి మేము మరిచిపోకుండా రోజుకోసారి చూసుకుంటుంది కూడా.

నాకు ఐదో నెల. కొత్తింట్లో కింద అత్తయ్యా మామయ్యా, పైన మాకొక గది. పాత పునాది పనికొస్తే వానలు మొదలయ్యేలోపు గోడలు లేస్తాయి, బిడ్డ నేరుగా మా గదిలోకే వస్తుంది. పనికిరాకపోతే అంతా తవ్విపోసి మొదటికి రావాలి. అప్పుడు బిడ్డ చెప్పుల స్టాండు పక్కకి వస్తుంది.

పనికొస్తుంది. మామయ్య ఒకప్పుడు పేరున్న మేస్త్రీ. ఆ పునాది ముప్పై ఏళ్ళ కిందట ఆయన చేతుల్తో కట్టిందే. దాని మీద ఏనుగుని నిలబెట్టొచ్చు అంటారు. మేము ఏనుగుని అడగడం లేదు, ఒక్క గదే.

ఐదో తేదీ, బుధవారం

పునాది చూడడానికి ఇంజనీరు వచ్చారు. ఆడమనిషి. ప్యాంటు మడిచి గుంటలోకి దిగే ఆడమనిషిని చూడడం నాకిదే మొదలు. మామయ్యకీ అంతే. ఆయన నావైపు చూశారు, నేను నేలవైపు చూశాను.

నాలుగు మూలల్లోనూ పునాది కనబడేలా గుంటలు తవ్వి ఉంచమని ముందే చెప్పారట. మూడే తవ్వారు. ఆవిడ ఒక్కో గుంటలో దిగి రాళ్ళని చిన్న సుత్తితో కొట్టి చెవి పెట్టి విన్నారు. రాళ్ళ మధ్య సున్నాన్ని మేకుతో గీకారు. ఎంత లోతు, ఎంత వెడల్పు, కింద గట్టినేల తగిలిందా లేదా అని టేపు పెట్టి కొలిచారు. నన్ను చేసుకునే ముందు కూడా ఇంతగా ఎవరూ చూడలేదు.

మూడూ బాగున్నాయన్నారు. నాలుగోది వంటింటి మూల. దాని మీద కూలిన గోడ చెత్త ఇంకా ఎత్తలేదు. అదీ తవ్వించండి అన్నారు.

“మూడు చూశావుగా తల్లీ, అదీ వీటి తోబుట్టువే,” అన్నారు మామయ్య.

“మంచం కొనేటప్పుడు మూడు కాళ్ళు చూసి కొంటామా మేస్త్రీ గారూ?”

మా ఆయన నవ్వారు. మామయ్య నవ్వలేదు.

ఇరవై నాలుగున మళ్ళీ వస్తానన్నారు. అప్పటిదాకా గుంటలు ఆరనివ్వాలి, ఒక్క చుక్క నీరు పోకూడదు, మబ్బు పడితే టార్పాలిన్ పట్టా కప్పాలి. అప్పుడు లెవెలు చూసి, దీని మీద కట్టొచ్చో లేదో తేల్చి చెబుతారు. పట్టా కప్పే పని నా నెత్తిన పడింది. మామయ్య మోకాళ్ళు గుంటలోకి దిగనివ్వవు. మా ఆయన స్కూలు వ్యాను నడుపుతారు, పొద్దున పోతే సాయంత్రమే.

ఆరో తేదీ

పట్టా కప్పాను. పట్టా తీశాను. నాకూ ఒక ఉద్యోగం వచ్చింది.

పదో తేదీ, సోమవారం

నాలుగో గుంట తవ్వారు. మట్టి మెత్తుకుని ఉంది, రాయేదో మట్టేదో తెలియడం లేదు. తవ్విన మనిషి రాయి తగలగానే గునపం పక్కన పడేసి వెళ్ళిపోయాడు. మామయ్య ఇవాళ అటువైపు రాలేదు, మోకాళ్ళు సలుపుతున్నాయన్నారు.

పన్నెండో తేదీ, బుధవారం

ఈ రోజు జరిగింది ఉన్నదున్నట్టు రాస్తాను.

ఎవరైనా వస్తున్నారంటే ఊడవడం నాకు అలవాటు. సిలిండరు దించే మనిషి వస్తున్నా ఊడుస్తాను. ఇంజనీరమ్మ వచ్చేలోపు గుంటలు కాస్త మనుషులు చూసేలా ఉండాలని మూడింటినీ చీపురుతో దులిపాను. నాలుగోదాని మట్టి చీపురుకి లొంగలేదు. చెంబుతో నీళ్ళు తెచ్చి కడిగాను. ఒక్క చుక్క పోకూడదని ఆవిడ అన్న మాట గుర్తుంది. చెంబుడు నీళ్ళని చుక్క అనరు కదా.

మట్టి జారిపోయింది. రాళ్ళ మధ్య పైనుంచి కిందిదాకా మెట్లు మెట్లుగా ఒక పగులు కనబడింది. చీపురుపుల్ల పెడితే వేలెడు లోపలికి పోయింది.

చెప్పుల స్టాండు గుర్తొచ్చింది.

రేకుల షెడ్డులో సగం బస్తా సిమెంటు ఉంది, పక్కన ఇసుక ఉంది. తాపీ మామయ్య సంచిలో ఉంది కానీ దాన్ని ముట్టుకునే ధైర్యం నాకు లేదు. అక్క వంటింట్లోంచి అట్లకాడ తెచ్చాను. పగులు మూసి, అతుకు తెలియకుండా చుట్టూ కూడా పూసి, తడి ఆరకముందే కాస్త మట్టి రుద్దాను, మిగతా రాళ్ళలో కలిసిపోవాలని. ఇదంతా శుభ్రం కిందికే వస్తుంది. మొహం మీద మచ్చ ఉంటే పౌడరు రాయమా ఏంటి.

అట్లకాడ కడిగి ఉన్నచోట పెట్టేశాను.

పదమూడు

సిమెంటు పూశాక నీళ్ళు పట్టాలి. సిమెంటు పసిపిల్లతో సమానం, పూటపూటకీ చూసుకోవాలి అని మామయ్య ఎప్పుడూ అంటారు. పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు పోశాను. మేస్త్రీ గారి కోడలిని, ఆ మాత్రం తెలియకపోతే ఎలా.

పదిహేను, శనివారం

మామయ్య కర్ర పట్టుకుని మెల్లగా వచ్చారు. నాలుగో గుంట అంచున నిలబడి చాలాసేపు లోపలికి చూశారు. నేను మడిచిన పట్టానే మళ్ళీ మడిచాను.

ముప్పై ఏళ్ళయినా ఎంత నున్నగా ఉందో చూశావా అన్నారు. అక్కడ ఇంకెవరూ లేరు కాబట్టి నాతోనే అన్నట్టు. ‘ఊఁ’ అన్నాను. ఈ ఇంట్లో నా పనిని ఒకరు మెచ్చుకోవడం ఇదే మొదటిసారి. అదీ తన పని అనుకుని.

పదహారు

పూత మీద వెంట్రుకవాసి గీత. నీళ్ళు చాలలేదన్నమాట. ఇకనుంచి బిందెతో పోస్తాను.

పదిహేడు, సోమవారం

మళ్ళీ పూశాను. ఈసారి చిక్కగా.

అట్లకాడకి బూడిదరంగులో ఏదో అంటుకుందేంటని అక్క అడిగింది. గిన్నెలు తోమే పొడి అన్నాను. పొడి ఇలా రాయిలా బిగుస్తుందా అంది. ఈమధ్య అన్నిట్లోనూ కల్తీ ఎక్కువైందక్కా అన్నాను. అక్కతో అంత పొడుగు మాట ఎప్పుడూ అనలేదు. అబద్ధానికైతే నాలుక బ్రహ్మాండంగా తిరుగుతోంది.

పద్దెనిమిది

మళ్ళీ సర్దాను.

పంతొమ్మిది

సర్దాను. రెండు బిందెలు.

ఇరవై, గురువారం

మా ఆయన పాత క్యాలెండరు కాగితం వెనక మా గది గీశారు. ఇక్కడ మంచం, ఇక్కడ కిటికీ, ఇక్కడ ఉయ్యాలకి కొక్కెం. గది సరిగ్గా వంటింటి మీదికి వస్తుందట, చలికాలం వెచ్చగా ఉంటుందన్నారు. ఒకవేళ పునాది బాగోలేదంటే, అని అడిగాను. నాన్న కట్టింది బాగోకపోవడమా అని నవ్వి, ఉయ్యాల కొక్కేన్ని ఇంకాస్త నల్లగా దిద్దారు.

సరిగ్గా వంటింటి మీదికి.

ఇరవై ఒకటి, శుక్రవారం

పైన మేము ముగ్గురం, మంచం, బీరువా, గోడలు, స్లాబు. ఆ బరువంతా దిగేది వంటింటి మూల మీదికి. ఆ మూలన పొయ్యి. పొయ్యి దగ్గర అత్తయ్య.

ఇది వారం కిందటే రాయాల్సిన ముక్క. పగులు చూసిన రోజు నాకు చెప్పుల స్టాండు గుర్తొచ్చింది, అత్తయ్య గుర్తురాలేదు. శుభ్రం అని రాసుకున్నాను. శుభ్రం కాదు, దాచాను.

నాలుగుసార్లు పూశాను, నాలుగుసార్లూ పగిలింది. అంటే ఆ మూల ఇంకా కదులుతోంది. ఇది చెప్పడానికి ఇంజనీరు అక్కర్లేదు, సగం ఐదో తరగతి చాలు.

ఈ రోజు నీళ్ళు పోయలేదు.

ఇరవై రెండు, శనివారం

మామయ్యకి చెప్పేద్దామని నాలుగుసార్లు వెళ్ళాను. మొదటిసారి టీ ఇచ్చి వచ్చేశాను. రెండోసారి ఖాళీ గ్లాసు పట్టుకుని వచ్చేశాను. మూడోసారి ‘మామయ్యా’ అన్నాను. ఆయన తలెత్తారు. ‘టీ తేనా’ అన్నాను. నాలుగోసారి ఆయనే, ఏమైనా చెప్పాలా అమ్మా అని అడిగారు. లేదండీ అన్నాను. హమ్మయ్య అన్నట్టు ఆయన కళ్ళు మూసుకున్నారు. టీ తప్పినందుకేమో.

మా ఆయనతో చెప్పొచ్చు. చెబితే ఆయన వెళ్ళి, నాన్నా మీ పునాది పగిలిందట అంటారు. నేను పూసిన సంగతి ఎటో కొట్టుకుపోతుంది, మామయ్య కట్టిన తప్పొక్కటే అందరి ముందూ నిలబడుతుంది. ఎవరి తప్పు వాళ్ళే చెప్పుకోవాలి. ఎంత బాగా రాశాను. ఇంతే బాగా ఎల్లుండి చెప్పగలిగితే చాలు.

ఇరవై నాలుగు, సోమవారం

ఈ రోజుది కూడా ఉన్నదున్నట్టే రాస్తాను.

ఇంజనీరమ్మ పొద్దున్నే వచ్చారు. మా ఆయన వ్యానుని వేరే డ్రైవరుకి అప్పజెప్పి ఉండిపోయారు. మామయ్య కర్ర ఊతతో గుంటల దగ్గర నిలబడ్డారు, అత్తయ్య ఇటుకల దొంతర మీద కూర్చున్నారు. నీళ్ళు నింపిన సన్నటి గొట్టం ఒక కొస మా ఆయన, ఇంకో కొస ఆవిడ పట్టుకుని ముందు మూడు మూలలకీ లెవెలు చూశారు. మూడూ సమంగా ఉన్నాయి. మూడు గుంటల్లోనూ మళ్ళీ దిగి, బాగుంది అన్నారు. ఇక నాలుగోదాని వైపు నడిచారు.

చెబుదామని నోరు తెరిచాను. ఏమీ రాలేదు. అందుకని ఆవిడకంటే ముందు నేనే గుంటలోకి దిగిపోయాను. కడుపుతో ఉన్నదానివి, ఏం చేస్తున్నావని మా ఆయన పైనుంచి అరిచారు. కొంగు చాటున తెచ్చిన అట్లకాడ తీసి గీకడం మొదలుపెట్టాను. నాలుగు పొరలూ పెళ్ళలు పెళ్ళలుగా ఊడాయి. పగులంతా బయటపడ్డాక తలెత్తాను.

“మామయ్యా, ఈ నునుపు మీరు కట్టింది కాదు. పగులు చూసి, ఎవరికీ కనబడకూడదని నేనే పూశాను.”

రెండేళ్ళలో మామయ్యతో నేను పూర్తిగా అన్న మొదటి మాట ఇది. ఇంకేదైనా మంచి మాటతో మొదలుపెట్టి ఉండాల్సింది.

మా ఆయన ‘ఏంటిది’ అన్నారు, రెండుసార్లు. ఇంజనీరమ్మ దిగి, నా చేతిలో అట్లకాడ తీసుకుని దాన్ని పగుల్లో దూర్చి చూశారు. పూత ఎన్నిసార్లు పగిలిందని అడిగారు, చెప్పాను. నీళ్ళు పోశావా అన్నారు. చెంబుతో మొదలుపెట్టి రెండు బిందెల దాకా వచ్చానన్నాను. ఆవిడ నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగారు. పగులు ఇంకా కదులుతోందో లేదో తెలియాలంటే వాళ్ళు దాని మీద అడ్డంగా అద్దం ముక్క అతికించి వదిలేస్తారట. అద్దం విరిగితే కదులుతున్నట్టు. నేను అద్దానికి బదులు సిమెంటు అతికించానన్నమాట. పైగా ఒక వానాకాలం నీళ్ళు వారం రోజుల్లో తాగించాను.

“మోసం చేయబోయి పరీక్ష చేశావమ్మా,” అన్నారు. తర్వాత గొట్టం తెప్పించి ఆ మూల లెవెలు చూశారు. వేలెడు కుంగి ఉంది. “దీని కింద గట్టినేల లేదు, ఏదో పూడ్చిన మట్టి ఉంది. మేస్త్రీ గారూ, ఇక్కడ ముందు ఏముండేది?”

మామయ్య కర్ర పక్కన పెట్టి గుంట అంచున కూర్చున్నారు. మా ఆయన పట్టుకోబోతే చెయ్యి విదిలించుకుని, మెల్లగా జారి, లోపలికి దిగారు. గుంటలో ముగ్గురం ఇరుక్కున్నాం. ఊడిన పెళ్ళ ఒకటి తీసి వేళ్ళతో నలిపారు.

“ఇసుక ఎక్కువైంది,” అన్నారు నాతో. తర్వాత పగులుతో మాట్లాడుతున్నట్టు చెప్పారు. “సున్నం గుంట ఉండేది. ఇల్లు కట్టేటప్పుడు సున్నం ఇక్కడే నానబెట్టాను. అప్పటికి వంటిల్లు అనుకోలేదు. మీ అత్తయ్య బయట వానలో తడుస్తూ వండుతోందని, గుంటలో మట్టీ రాళ్ళూ పోసి, దిమ్మిసతో కొట్టి, దాని మీదే కట్టేశాను. రేకుల కప్పే కదా, ఆగుతుందిలే అనుకున్నాను. ఆగింది.”

“నాతో చెప్పలేదే,” అన్నారు అత్తయ్య ఇటుకల మీదినుంచి. “ముప్పై ఏళ్ళు ఆ మూలన నిలబడి వండిపెట్టాను. ఒక్కరోజన్నా కాస్త ఇటు జరుగు అనలేదు.”

నవ్వాలో వద్దో ఎవరికీ తెలియలేదు. చివరికి అత్తయ్యే ముందు నవ్వారు. ఆ నవ్వు మామయ్యకి తిట్టుకంటే గట్టిగా తగిలినట్టుంది, తల దించుకున్నారు.

“రాతికట్టు నున్నగా ఉంటుందా తల్లీ?” అన్నారు నాకు మాత్రమే వినబడేలా. “ఆ రోజే చూశాను. నువ్వు నోరు విప్పకపోతే బాగుండునని నేనూ అనుకున్నాను. నీకంటే ముందు దాచినవాణ్ణి కదా.”

మోకాళ్ళ నొప్పుల మనిషిని, కడుపుతో ఉన్నదాన్ని పైకి లాగడానికి మా ఆయనకి చాలాసేపు పట్టింది. ఆ కాసేపట్లో ఇంజనీరమ్మ తేల్చేశారు. మూడు మూలల పునాది ఉంచుకోవచ్చు. వంటింటి మూల విప్పేసి, గట్టినేల దాకా తవ్వి, కొత్తగా లేపాలి. ఈ ఏటి వానలు దాని మీద పడనివ్వాలి. కదలకపోతే అప్పుడు గోడలు, కిందివరకే. పైగది మాట ఇప్పట్లో ఎత్తొద్దు.

వెళ్ళేముందు ఒక మాటన్నారు. కింద ఏముందో ఆనాడే ఎవరైనా ఒక కాగితం మీద రాసిపెట్టి ఉంటే ఇంత రాద్ధాంతం ఉండేది కాదు అని.

ఇరవై ఐదు, మంగళవారం

మా ఆయన ఇవాళ పొద్దున చొక్కా గుండీలు పెట్టుకుంటూ, నాతోనన్నా చెప్పొచ్చు కదా అన్నారు. అవును అన్నాను. క్యాలెండరు కాగితం ఇంకా జేబులోనే ఉంది, అంచు కనబడింది. అడగలేదు.

అక్క మధ్యాహ్నం వచ్చి, అయితే పురుడు ఇక్కడేనా అంది. ఊఁ అన్నాను. అక్క చెప్పుల స్టాండు లాక్కెళ్ళి వరండాలో పెట్టేసింది. తిరిగొచ్చి, “ఆ అట్లకాడ మాత్రం నువ్వే ఉంచుకో, దాంతో ఇక నేను వండలేను,” అంది.

నిజంగానే మంచిది. ఇన్నాళ్ళూ వెక్కిరింపుగా రాశాను.

ఇరవై ఎనిమిది, శుక్రవారం

మూల విప్పారు. నాలుగడుగుల కింద తెల్లగా కనబడింది. ముప్పై ఏళ్ళయినా సున్నం ఇంకా వెన్నలా మెత్తగా, తడిగా ఉంది. మామయ్య రెండు వేళ్ళతో తీసుకుని నలిపి, మంచి సున్నం అన్నారు. అది తప్ప ఆ మూల గురించి చెప్పుకోవడానికి ఆయనకి ఇంకేమీ లేదు, పాపం.

మధ్యాహ్నం నేను ఈ పుస్తకం తీయగానే ఆయన వచ్చి ఎదురుగా కూర్చున్నారు. దాచేద్దామనుకున్నాను కానీ కొంగు చాలలేదు.

“ఏదో రాస్తుంటావుగా. నాకో పేజీ ఇస్తావా? నాకు రాయడం రాదు. నేను చెబుతాను,” అన్నారు.

ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను:

వంటింటి మూల కింద సున్నం గుంట ఉండేది. నాలుగున్నర అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. మేస్త్రీ దాన్ని పూడ్చి పైన కట్టాడు, ఎవరికీ చెప్పలేదు. కోడలు పగులు చూసి పూసింది, తర్వాత చెప్పింది. సున్నమంతా తీసేశాం. ఆరున్నర అడుగుల దగ్గర గట్టినేల తగిలింది. అక్కణ్ణుంచి కొత్తగా లేపుతున్నాం. మిగతా మూడు మూలలూ పాతవే, మంచివే. పైన గది వేయాలనుకునేవాళ్ళు ముందు ఈ కాగితం ఇంజనీరుకి చూపించండి.

కోడలు ముక్క తీసేద్దామండీ అన్నాను. వద్దన్నారు. మేస్త్రీ ముక్క ఉన్నంతకాలం కోడలి ముక్కా ఉంటుందట. మళ్ళీ ఒకసారి చదవమన్నారు. చదివాను, గొంతెత్తి, ఆయన ముందే. ఆ పైగది వేసేది బహుశా నీ కడుపులో ఉన్నవాళ్ళేనేమో, జాగ్రత్తగా దాచు అని చెప్పి వెళ్ళారు.

మామూలుగా దాచమంటే దాచేదాన్నే, అందులో నాకు అనుభవం ఉంది. కానీ ఇది దొరకాల్సిన కాగితం. అందుకని ఈ పుస్తకం ఎప్పుడైనా ఎవరి చేతికైనా చిక్కితే నాకొక్క సాయం చేయండి. ఈ పేజీ చింపి, ఆ ఇంట్లో ఎవరుంటే వాళ్ళ చేతిలో పెట్టండి. మిగతాదంతా చదవకుండా పొయ్యిలో పడేయండి. పన్నెండో తేదీ అన్నిటికంటే ముందు.